బొమ్మకు బుగ్గలున్నాయి, కళ్లు లేవు. ఈ లితో రాయి అసలుదేనా?

శ్రావణి_రెడింగ్

నమస్కారమండీ. ఇక్కడ ప్రెస్సుల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఉన్నారని తెలిసి ధైర్యం చేసి అడుగుతున్నాను.

మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. పోయిన ఆదివారం పాత సామాన్ల సంతకు వెళ్తే ఒకాయన కారు డిక్కీలో స్పానర్ల పక్కన ఒక రాతి పలక పెట్టుకుని కూర్చున్నాడు. పాత లితో రాయి, అంటే అచ్చు వేసే రాయి అన్నాడు. వాళ్ల తాతగారి షెడ్డులో పెయింటు డబ్బాల కింద దొరికిందట. ఇలాంటివే ఇంకొన్ని తోటలో నడకదారికి ఎప్పుడో పరిచేశారని కూడా చెప్పాడు. 60 పౌండ్లకు కొన్నాను. మా ఆయన, నేను చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చి వంటింట్లో తువ్వాలు పరిచి దాని మీద పెట్టాం.

కొలతలు: 16 అంగుళాల పొడవు, 12 వెడల్పు, మందం 3 అంగుళాలు. గోధుమపిండి ముద్దలో కాస్త బూడిద కలిపితే వచ్చే రంగు. అడుగు గరుగ్గా ఉంది, పక్కలు ఉలితో చెక్కినట్టున్నాయి, పైభాగం మాత్రం చెయ్యి పెడితే జారేంత నునుపు. దాని మీద నల్లగా బొమ్మ.

ఆ బొమ్మే నాకు అర్థం కావడం లేదు. ఒక చిన్నపిల్ల, పక్కన కుక్క అని ఊహించుకోవాల్సిందే. పిల్లకు బుగ్గలు, పెదవులు, జడ రిబ్బను, చేతిలో గులాబీలు ఉన్నాయి. కళ్లు లేవు, ముక్కు లేదు, జుట్టు లేదు. కుక్కకైతే నాలుక, మెడపట్టీ తప్ప ఇంకేమీ లేదు. మా ఆరేళ్ల పాప చూసి, "దానికి కళ్లేవమ్మా?" అని అడిగింది. అప్పటి నుంచి నాకూ అదే ప్రశ్న.

బొమ్మ చుట్టూ ఎనిమిది మూలల గీత, కింద బిస్కెట్లు అన్న మాట, ఏదో కంపెనీ పేరు చివరి భాగం ఉన్నాయి. అంచుల్లో రెండుచోట్ల కూడిక గుర్తులు, ఒకచోట నల్లగా నింపిన చిన్న చదరం. అసలు టెన్షన్ ఎక్కడంటే, ఆ అక్షరాలు సూటిగా చదవొస్తున్నాయి. లితో రాయి మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలని వెతికిన ప్రతిచోటా రాసి ఉంది. నేను మోసపోయానా?

ఇంకొకటి. పైన పలచగా తెల్లటి పొరలాంటిది, కొంత మురికి ఉన్నాయి. వెనిగర్ వేసి తోమేద్దామని మా ఆయన అంటున్నారు. తోమొచ్చా?

కలర్‌ల్యాబ్_గుంటూరు

శ్రావణి గారూ, చెప్పడానికి బాధగానే ఉంది కానీ నా అనుమానం కూడా మీదే. రాయి మీద ఉన్నది కాగితం మీద తిరగబడి పడుతుంది, కాబట్టి రాయి మీద అక్షరం తిరగబడే ఉండాలి. మా నాన్నగారు రబ్బరు స్టాంపులు చేసేవారు, అక్కడా ఇదే లెక్క. గోడకు అలంకారంగా పెట్టుకోవడానికి ఈ మధ్య రాళ్ల మీద పాత ప్రకటనల బొమ్మలు వేసి అమ్ముతున్నారు. పైగా కళ్లు లేని బొమ్మను ఎవరు అచ్చు వేస్తారు? ఆయన మళ్లీ సంతకు వస్తే డబ్బు వెనక్కి అడిగి చూడండి.

పాత_ప్రెస్సు_బెజవాడ

అమ్మా శ్రావణీ, ముందు ఆ వెనిగర్ సీసా అల్మారాలో పెట్టించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మన ఊళ్లలో వంటగట్టు మీద కడప బండ ఉంటుంది చూడండి. దాని మీద నిమ్మరసమో చింతపండు పులుసో పడి కాసేపు ఉంటే తెల్లగా మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. అది మచ్చ కాదు, పులుపు ఆ సున్నపురాయిని తినేసిన చోటు. లితో రాయి కూడా సున్నపురాయే. వెనిగర్ వేసి తోమితే ఆ పిల్ల బుగ్గలు పాడైపోతాయి.

ఇక మీ ప్రశ్న. గుంటూరు సోదరులు చెప్పింది తప్పు కాదు. రాయి నుంచి నేరుగా కాగితం మీద వేసే అచ్చుకు అదే నియమం. కానీ మీ రాయి కాగితం కోసం చేసింది కాదని నాకు అనిపిస్తోంది. బిస్కెట్ల మాట, ఎనిమిది మూలల గీత, సూటిగా ఉన్న అక్షరాలు, ఈ మూడూ కలిపి చూస్తే ఇది రేకు డబ్బా మూత కోసం గీసిన రాయి.

ఎందుకో చెబుతాను. రాయి గట్టిది, రేకూ గట్టిది. రెండు గట్టివాటిని ఒకదానికొకటి నొక్కితే సిరా సమంగా పడదు, ఒత్తిడి పెంచితే రాయి పగులుతుంది. మధ్యలో మెత్తనిది ఏదో ఒకటి ఉండాలి. మొదట్లో ట్రాన్స్‌ఫర్ కాగితం వాడారు. రాయి మీది బొమ్మను కాగితం మీదికి తీసి, ఆ కాగితాన్ని రేకు మీద బోర్లించి అంటించేవాళ్లు. మీ రెడింగ్ బిస్కెట్ల కంపెనీ హంట్లీ అండ్ పామర్స్‌కి 1868లో అలా అలంకరించిన డబ్బా తయారైంది. తర్వాత 1875లో లండన్‌లో రాబర్ట్ బార్క్లే ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అందులో రాయి మీది సిరా ముందు సిలిండరుకు చుట్టిన అట్ట మీదికి ఎక్కుతుంది, అట్ట మీంచి రేకు మీదికి దిగుతుంది. తర్వాత్తర్వాత అట్ట స్థానంలో రబ్బరు వచ్చింది. రెండు పద్ధతుల్లోనూ బొమ్మ రెండుసార్లు తిరుగుతుంది. రెండుసార్లు తిరిగితే మళ్లీ మొదటికే వస్తుంది కాబట్టి రాయి మీద సూటిగానే గీయాలి.

ఇది రాస్తుంటే నాకు చెయ్యి ఆగడం లేదమ్మా. నేను 38 ఏళ్లు ఆఫ్‌సెట్ మిషన్ నడిపాను. ప్లేటు నుంచి రబ్బరు బ్లాంకెట్ మీదికి, బ్లాంకెట్ నుంచి కాగితం మీదికి. అమెరికాలో న్యూజెర్సీలో ఐరా రూబెల్ అనే ఆయన 1904 ప్రాంతంలో దాన్ని కాగితానికి తెచ్చాడు. అంతకు పాతికేళ్లకు పైగా ముందే ఆ కిటుకు బిస్కెట్ డబ్బాల మీద పని చేస్తూ ఉంది. నాకు అన్నం పెట్టిన మిషన్‌కు మీ వంటింట్లో ఉన్న రాయి ముత్తవ్వ లాంటిది.

కళ్ల సంగతి. ఒక రాయి ఒకే రంగు వేస్తుంది. పసుపుకు ఒకటి, ఎరుపుకు ఒకటి, నీలానికి, గోధుమ రంగుకు, నలుపుకు తలా ఒకటి. మంచి పనైతే పది, పన్నెండు రాళ్లు కూడా పట్టేవి. బుగ్గలు, పెదవులు, రిబ్బను, గులాబీలు, కుక్క నాలుక: ఈ జాబితా మీరే రాశారు, ఇంకోసారి చదువుకోండి. అన్నీ ఎర్రటివే. మీ దగ్గరున్నది ఎరుపు రాయి, లేదా గులాబీ రంగు రాయి. పిల్ల కళ్లు నీలం రాయి మీదో నలుపు రాయి మీదో ఉండి ఉంటాయి. మరి ఎరుపు రాయి మీద బొమ్మ నల్లగా ఎందుకుంది అంటారేమో. పని అయ్యాక రాయిని దాచేటప్పుడు రంగు సిరా తీసేసి, త్వరగా ఆరని నల్ల సిరా పట్టించి, పైన జిగురు పూసి పెట్టేవాళ్లు. మీరు చెప్పిన తెల్లటి పొర ఆ జిగురే కావచ్చు. అది గమ్ అరబిక్, మన తుమ్మ జిగురుకు దగ్గరి చుట్టం.

కూడిక గుర్తులు రిజిస్టర్ మార్కులు. అన్ని రాళ్ల మీదా ఒకే చోట ఉంటాయి, అవి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే పెదవి పెదవి మీద పడుతుంది. వెంట్రుకవాసి జరిగినా ఎరుపు బుగ్గ మీదికి పాకుతుంది. నల్ల చదరం రంగు చూసుకునేందుకు. రేకు మీద ఇంకో తంటా ఉంది. కాగితం తెల్లగా ఉంటుంది, రేకు ఉండదు. అందుకని ముందు తెల్లరంగు పూత వేసి, ఆరబెట్టి, ఆ తర్వాతే మిగతా రంగులు వేయాలి.

రాయి గురించి కాస్త. జర్మనీలో బవేరియాలో జోల్న్‌హోఫెన్ అనే ఊరుంది. ఇంత సన్నటి, సమమైన రేణువు ఉన్న సున్నపురాయి అక్కడి గనుల్లో దొరుకుతుంది. 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో అలోయిస్ జెనెఫెల్డర్ తన నాటకాలు చవగ్గా అచ్చేసుకునే దారి వెతుకుతూ ఈ రాతి అచ్చు కనిపెట్టాడు. నూనె, నీరు కలవవు, అంతే సూత్రం. జిడ్డు సిరాతో గీసి, జిగురులో కాసిని నైట్రిక్ యాసిడ్ చుక్కలు కలిపి పూస్తే, గీసిన చోటు జిడ్డును పట్టుకుంటుంది, ఖాళీ చోటు నీటిని పట్టుకుంటుంది. చెక్కడం ఏమీ లేదు, అంతా ఒకే మట్టం. రెక్కల ముద్రతో సహా దొరికిన ఆ పురాతన పక్షి, ఆర్కియోప్టెరిక్స్, అది కూడా 1861లో ఆ గనుల నుంచే బయటపడింది. ఈక ఈనెలు కూడా కనిపించేంత సన్నటి రాయి అది. నేను ఒకసారి మన బేతంచెర్ల బండ ముక్క మీద ప్రయత్నం చేశాను. జిడ్డు పట్టింది, జిగురూ పట్టింది, నాలుగు ప్రతులు కూడా వచ్చాయి. కానీ రాతిలో సన్నని చారలున్న చోటల్లా సిరా వేరుగా పట్టి బొమ్మ అతుకులు పడ్డట్టు వచ్చింది. జోల్న్‌హోఫెన్ రాయికి అంత పేరు ఎందుకో ఆ రోజు తెలిసింది.

మందం 3 అంగుళాలు ఉందన్నారు, అంటే మీ రాయి బరువు పాతిక కిలోల దగ్గర ఉంటుంది. దానికి ఇంకా బోలెడు ఆయుష్షు ఉంది. ఒక పని అయిపోతే బొమ్మను రుబ్బేసి, అదే రాయి మీద ఇంకో బొమ్మ గీసేవాళ్లు. సబ్బు, తర్వాత టీ, తర్వాత అగ్గిపెట్టె. రుబ్బినప్పుడల్లా రాయి కాస్త పలచబడుతుంది. మరీ పలచనైతే ప్రెస్సులో పగులుతుందని కింద ఇంకో పలక అతికించి వాడేవాళ్లు.

ఆ రుబ్బుడే నా మొదటి ఉద్యోగం. 1969లో, నాకు పదహారేళ్లప్పుడు, మద్రాసులో మా మేనమామ పనిచేసే ప్రెస్సులో చేరాను. అప్పటికే అంతటా రాయికి బదులు జింకు ప్లేట్లు వచ్చేశాయి, కానీ అక్కడ లేబుళ్లకు ఇంకా రాయి వాడేవాళ్లు. ఒక రాయి కింద, ఒక రాయి పైన, మధ్యలో జల్లించిన ఇసుక, నీళ్లు. పై రాయిని రెండు చేతులతో పట్టుకుని ఎనిమిది అంకె గీసినట్టు తిప్పుతూ ఉండాలి. ఇసుక మెత్తగా పాలలా అయితే కడిగి కొత్త ఇసుక. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ రుబ్బకూడదు. ఇనప బద్ద నిలబెట్టి కింద కాగితం ముక్క దూరుతుందేమో చూసేవాణ్ని.

చేరిన మూడో నెలలో నేను ఒక తప్పు చేశాను. గోడ దగ్గర రెండు వరసల్లో రాళ్లు ఉండేవి, ఒక వరస రుబ్బాల్సినవి, ఒక వరస దాచాల్సినవి. నేను దాచాల్సిన వరసలోంచి ఒకటి తీసి రుబ్బేశాను. తలనూనె లేబులు, అందులో స్త్రీ ముఖం. మా మామయ్య పదకొండు రోజులు కలంతో చుక్క చుక్కగా పెట్టిన ముఖం అది. సాయంత్రం ఆయన వచ్చి తడిసిన ఖాళీ రాయి మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డారు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఉదయం మళ్లీ మొదటి చుక్క పెట్టారు. ఆ లేబుల్ మీద ఆయన పేరు ఎక్కడా లేదు, అలా పేరు వేసే ఆచారమే లేదు. అందుకే చెబుతున్నాను, మీ చేతికి వచ్చింది ఎవరూ రుబ్బని చివరి బొమ్మ. దాన్ని రుద్దకండి.

అసలుదో కాదో మీరే చూసుకోవచ్చు. కళ్లు మూసుకుని బొమ్మ మీంచి ఖాళీ చోటికి వేలు జరపండి, ఏ తేడా తెలియకూడదు. పెయింటైతే గోటికి తగులుతుంది. తర్వాత భూతద్దంతో పెదవుల దగ్గర చూడండి. ఇప్పటి కంప్యూటర్ బొమ్మైతే చుక్కలు వరసగా, ఒకే దూరంలో ఉంటాయి. చేతి పనైతే చుక్కలు తిన్నగా నడవవు. చివరగా ఒక మూల మాత్రం, మామూలు నీళ్లలో తడిపి పిండిన స్పాంజి అద్ది చూడండి. ఏం జరుగుతుందో నేను చెప్పను, మీరే రాయండి. రాత్రి దీపాలన్నీ ఆర్పి టార్చిని పక్కవాటుగా కూడా వేసి చూడండి.

లండన్_లత

బాబాయి గారు రాసింది రెండుసార్లు చదివాను. నేను 15 ఏళ్లుగా విక్టోరియా కాలం నాటి ప్రకటన కార్డులు, లేబుళ్లు సేకరిస్తున్నాను. శ్రావణీ, మీరున్న ఊరు ఎంత సరైన ఊరో మీకు తెలుసో లేదో.

జోసెఫ్ హంట్లీ 1822లో మీ ఊళ్లోనే లండన్ స్ట్రీట్‌లో బిస్కెట్ల కొట్టు పెట్టాడు. 1841లో జార్జ్ పామర్ భాగస్తుడుగా చేరాడు. అదే కుటుంబంలో ఇంకో అబ్బాయి ఇనప సామాన్ల కొట్టు నడుపుతూ బిస్కెట్లకు రేకు డబ్బాలు చేసి ఇచ్చేవాడు. అదే తర్వాత హంట్లీ, బూర్న్ అండ్ స్టీవెన్స్ అనే డబ్బాల కంపెనీ అయింది. మీ టౌన్ హాల్ భవనంలో ఉన్న రెడింగ్ మ్యూజియంలో ఆ డబ్బాలకు ఒక గ్యాలరీయే ఉంది, పాపను తీసుకెళ్లండి. మీ రాయి వాళ్లదే అని మాత్రం అనేసుకోకండి. రేకు డబ్బాల్లో బిస్కెట్లు అమ్మిన కంపెనీలు ఇంగ్లండ్‌లో ఇంకా ఎన్నో ఉండేవి.

ఆ రోజుల్లో ప్రకటనలు ఒక్కసారిగా ఎందుకు అంత పెరిగాయంటే పన్నులు ఒక కారణం. పత్రికల్లో ప్రకటనల మీద పన్ను 1853లో పోయింది, పత్రికల స్టాంపు పన్ను 1855లో, కాగితం మీద పన్ను 1861లో. అదే కాలంలో ఆవిరితో నడిచే లితో మిషన్లు వచ్చాయి. రంగుల లితోకు ఫ్రాన్స్‌లోని మ్యూలూజ్‌లో గోడ్‌ఫ్రాయ్ ఎంగెల్‌మాన్ 1837లోనే పేటెంటు తీసుకున్నాడు కానీ, వేలకొద్దీ కార్డులు చవగ్గా రావడానికి ఆ మిషన్లు కావాల్సి వచ్చింది. సీసపు అక్షరాలతో కూర్చే అచ్చులో ఏదైనా గళ్లలో పెట్టినట్టు ఉండాలి. రాయి మీద అలాంటి కట్టుబాటు లేదు. అక్షరం వంగొచ్చు, గులాబీ కొమ్మ చుట్టూ పాకొచ్చు, కుక్క తోక చివర ముగియొచ్చు. అందుకే సబ్బుల వాళ్లు, బిస్కెట్ల వాళ్లు, కోకో వాళ్లు అందరూ దీనికి ఎగబడ్డారు.

అందరికీ తెలిసిన ఉదాహరణ పేర్స్ సబ్బు. మిలే అనే పెద్ద చిత్రకారుడు 1886లో తన మనవడు సబ్బు బుడగలు ఊదుతున్నట్టు బొమ్మ వేస్తే, పేర్స్ వ్యాపారం చూసే థామస్ బారెట్ దాన్ని హక్కులతో సహా కొని, కింద ఒక సబ్బు బిళ్ల చేర్పించి రంగుల్లో ఊరంతా పంచాడు. కళను సబ్బు అమ్మడానికి వాడతారా అని అప్పట్లో పెద్ద గొడవ. నా వరకు ఆ సబ్బు బిళ్ల కంటే, మిలే కుంచె పనిని రాళ్ల మీద రంగు రంగుగా విడగొట్టిన పేరు లేని పనివాళ్లే పెద్ద విషయం.

కానీ అన్నిటికంటే తెలివైన ప్రకటన రేకు డబ్బాయే అంటాను. కార్డు చిరుగుతుంది, పత్రిక పొయ్యిలోకి పోతుంది. డబ్బాలో బిస్కెట్లు అయిపోయాక సూదులు, దారాలు, గుండీలు చేరతాయి. మా అమ్మమ్మ ఇంట్లో కుట్టుపని సామాను అంతా ఒక బిస్కెట్ డబ్బాలోనే ఉండేది. దాని మూత మీద బొమ్మ నాకు ఇప్పటికీ గీసి చూపించగలిగేంత గుర్తు.

ఒక సలహా. మీ ఊళ్లోని యూనివర్సిటీ ఆఫ్ రెడింగ్‌లో టైపోగ్రఫీ విభాగం ఉంది, అందులో ఇలాంటి లేబుళ్లు, కార్డులు, రోజువారీ అచ్చు కాగితాల అధ్యయనానికి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. రాయి మోసుకెళ్లకండి, ముందు మంచి ఫోటోలు తీసి వాళ్లకు పంపండి. ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలోని జాన్ జాన్సన్ సేకరణలో కూడా బిస్కెట్ ప్రకటనలు వెతకొచ్చు. ఆ పిల్ల, ఆ కుక్క ఉన్న పూర్తి బొమ్మ ఎక్కడైనా దొరికితే మీ రాయి ఏ కంపెనీదో తేలిపోతుంది.

శ్రావణి_రెడింగ్

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. వెనిగర్ అల్మారాలోకి వెళ్లిపోయింది.

నిన్న రాత్రి పాప నిద్రపోయాక మా ఆయన, నేను కూర్చున్నాం. ముందు వేలితో చూశాను. బొమ్మ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో నిజంగానే తెలియలేదు. తర్వాత భూతద్దం. దూరం నుంచి పెదవి అంతా ఒకే నలుపు అనుకున్నాను. కాదు, అన్నీ చుక్కలే. పెదవి మధ్యలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు దట్టంగా ఉన్నాయి. బుగ్గ వైపు వచ్చేకొద్దీ ఎడం ఎక్కువై, చివరికి రాయిలో కలిసిపోయాయి. ఒక్క వరస కూడా తిన్నగా లేదు. కొన్ని గుండ్రంగా, కొన్ని చిన్న కామాల్లా ఉన్నాయి, చెయ్యి అలిసిన చోట కాబోలు. ఎడమ బుగ్గ ఒక్కటే లెక్కపెడదామని మొదలుపెట్టి, నాలుగు వందలు దాటాక ఆపేశాను. సగం కూడా అవలేదు.

కింది మూలలో ఒక గులాబీ ఉంది, అక్కడ స్పాంజి అద్దాను. ఖాళీ రాయి వెంటనే తడి పీల్చి ముదురు రంగుకు తిరిగింది. గులాబీ రేకుల మీద మాత్రం నీరు తామరాకు మీద నిలిచినట్టు బొట్లుగా విడిపోయి పక్కకు జారిపోయింది. వందేళ్లకు పైగా షెడ్డుల్లో పడి ఉన్న జిడ్డు ఇంకా నీటిని దగ్గరికి రానివ్వడం లేదు. మా ఆయన, "ఇంకోసారి చెయ్యి" అన్నారు. చేయలేదు, ఒక్క మూలే అన్నారు కదా మీరు.

తర్వాత టార్చి. బాబాయి గారూ, మీరు ఇందుకే వెయ్యమన్నారా? కుక్క ఉండాల్సిన చోట, నాలుక కింద, రాతిలో చాలా లేతగా ఇంకేదో రాత కనిపించింది. అది తిరగబడి ఉంది! ఫోటో తీసి ఫోన్లో తిప్పి చూస్తే ఫైనెస్ట్ అన్న మాట, దాని తర్వాత ఒక వంపు గీత. ఇదేమిటి?

చత్తాబజార్_మనవడు

శ్రావణి గారూ, దానికి జవాబు పెద్దాయన చెబుతారు, ఈలోగా మా ఇంటి మాట ఒకటి. మాది హైదరాబాద్. మా తాతగారు చత్తా బజార్‌లో ఉర్దూ లితో ప్రెస్సులో సంగ్‌సాజ్. సంగ్ అంటే రాయి. ఉర్దూ దస్తూరీ అందం సీసపు అక్షరాల్లో రాదని అక్కడ రాతి అచ్చు చాలా ఏళ్లు నడిచింది. కాతిబ్, అంటే చేతిరాత రాసే ఆయన, పసుపు పూత పూసిన కాగితం మీద సూటిగా రాస్తే, దాన్ని రాయి మీద బోర్లించి ఒత్తేవాళ్లు. అప్పుడు అక్షరాలు తిరగబడతాయి. అందులో ఎక్కడ నుఖ్తా, అంటే అక్షరం మీది చుక్క, పోయినా, గీత తెగినా సన్నటి కుంచెతో తిరగబడ్డ రాతలోనే సరిచేసేది మా తాత. పేపరు అద్దంలో చూసి చదవడం ఆయనకు మామూలు చదువు అంత తేలిక. తోలు పెట్టెలో ఆయన కుంచెలు రెండు ఇంకా మా దగ్గర ఉన్నాయి, వెంట్రుకలు పది పన్నెండు కంటే ఉండవు. మీరు పెదవి చుక్కల గురించి రాసింది చదివి ఆ పెట్టె తీసి చూశాను.

పాత_ప్రెస్సు_బెజవాడ

బాబూ, ఆ కుంచెలకు కర్పూరం వేసి ఉంచండి, పురుగు పడుతుంది.

అమ్మా శ్రావణీ, మీకు కనిపించింది అంతకు ముందు బొమ్మ. మేం దయ్యం అనేవాళ్లం. రుబ్బడం కాస్త తక్కువైతే పాత జిడ్డు లోపల మిగిలి ఇలా తొంగిచూస్తుంది. అది తిరగబడి ఉందంటే, రేకుకు రాకముందు ఈ రాయి కాగితానికి పని చేసింది. టీ లేబులో, ఇంకేదో. ఆ రోజు రుబ్బిన కుర్రాడు ఇంకో పావుగంట తిప్పి ఉంటే మీకు ఆ మాట దొరికేది కాదు.

తడిపిన మూలకు ఆర్ట్ సామాన్ల కొట్లో గమ్ అరబిక్ దొరికితే నీళ్లలో పలచగా కలిపి గుడ్డతో పలచగా అద్ది ఆరబెట్టండి. రాయిని పడుకోబెట్టకండి, గోడ వారగా నిలబెట్టి కింద చెక్క పెట్టండి. కొళాయి దగ్గర వద్దు.

ఇంకొక్క మాట. నిన్నటి నుంచి నా మనసులో తిరుగుతోంది. అమ్మినాయన తాతగారి తోటలో ఇలాంటివే నడకదారికి పరిచారని మొదట్లో రాశారు. ఒకే పనికి చేసిన రాళ్లు ఒకే చోటికి చేరడం మామూలే. వానకు, మట్టికి సిరా పోయి ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. కానీ మీకు ఫైనెస్ట్ అన్న మాట ఎలా కనిపించిందో, అలా ఏదైనా లోపల మిగిలి ఉండొచ్చు. ఆయన ఫోన్ నెంబరు ఉంటే అడిగి చూడండి.

శ్రావణి_రెడింగ్

ఫోన్ చేశాను బాబాయి గారూ. ఆయన చాలా మంచివాడు. నడకదారిలో మొత్తం తొమ్మిది ఉన్నాయట, వచ్చే శనివారం వచ్చి తిరగేసి చూసుకోమన్నాడు. గునపం ఆయన ఇస్తాడు. మేం బకెట్టు, మెత్తటి బ్రష్షు, టార్చి పట్టుకెళ్తున్నాం. పగటి వెలుతురు ఎక్కువైతే పక్కవాటు వెలుగు తెలియదేమోనని మా ఆయన ఒక నల్ల దుప్పటి కూడా తీసి పెట్టారు. పాపను తీసుకెళ్లకూడదనుకున్నాను, కానీ తను వినడం లేదు. కళ్లు తనే వెతుకుతుందట.